సైకిల్‌కి ఏ తాళం? ముందు దొంగ చేతిలోని పనిముట్టును చూడండి

ఆఫీసు కింద స్టాండులో పెట్టిన మీ పాత సైకిల్ పోయిందని, సాయంత్రం వచ్చి చూస్తే రెండు ముక్కలైన కేబుల్ తాళం మాత్రం నేల మీద పడి ఉందని రాశారు. ఇప్పుడు కొత్త సైకిల్ కొన్నారు. ఈసారి ఎవరూ తెంచలేని తాళం ఏదో చెప్పమని అడిగారు. నేను ఇరవై ఏళ్లకు పైగా సైకిళ్లు బాగు చేస్తున్నాను. తాళంచెవి పోగొట్టుకున్నవాళ్లు సైకిల్‌ని భుజాన వేసుకుని వచ్చి తాళం కోయించుకుని వెళ్తుంటారు. అలా దాదాపు అన్ని రకాల తాళాలనూ నా చేత్తో కోసి చూశాను. అందుకే మొదటే చెప్పేస్తున్నాను, ఎవరూ తెంచలేని తాళం లేదు. ప్రతి తాళమూ ఏదో ఒక పనిముట్టుకు లొంగుతుంది. ఆ పనిముట్టు జేబులో పట్టేదా, సంచిలో దాచాల్సినదా, చప్పుడు చేస్తుందా, ఎంతసేపు పడుతుంది అన్న దాన్ని బట్టే ఒక తాళం మంచిదో కాదో తేలుతుంది. దుకాణంలో తాళం చేతిలోకి తీసుకున్నప్పుడు "ఇది గట్టిదేనా" అని అడక్కండి. "ఇది దేనికి లొంగుతుంది?" అని అడగండి. అప్పుడు ఎంపిక చాలా తేలికవుతుంది.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. నా దగ్గరకు వచ్చేవాళ్లను సైకిల్ వాళ్లదేనని రుజువు అడిగాకే కట్టర్ పట్టుకుంటాను. రసీదో, సైకిల్ పక్కన నిలబడి దిగిన పాత ఫోటోనో చూపిస్తారు. ఆ తర్వాత నేను తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: దారిలో మిమ్మల్ని ఎవరైనా ఆపి అడిగారా అని. తాళం వేసి ఉన్న సైకిల్‌ని భుజాన వేసుకుని పట్టపగలు నడిచొస్తే, ఇన్నేళ్లలో ఒక్కరిని కూడా ఎవరూ ఆపలేదు. జనం ఉన్న చోట పెట్టాం కదా అన్న ధీమా ఎంత పలుచనిదో నాకు అక్కడే అర్థమైంది.

మీ కేబుల్ తాళం సంగతికి వద్దాం. పైకి బొటనవేలంత లావుగా కనబడుతుంది. అందులో సగానికి పైగా ప్లాస్టిక్ తొడుగు. లోపల ఉన్నది సన్నటి ఉక్కు తీగలను పేనిన తాడు. పేనిన తాడు కాబట్టి ఒక్క దెబ్బకు మొత్తం తెగాల్సిన పని లేదు, నాలుగు నాలుగు తీగల చొప్పున కొరుక్కుంటూ పోవచ్చు. జేబులో పట్టే కట్టర్ చాలు. నేను కోసినప్పుడు లావుపాటి కేబుల్‌కి కూడా అర నిమిషం పట్టిన గుర్తు లేదు. చప్పుడు ఉండదు, నిప్పురవ్వలు రావు. పక్కన నిలబడ్డవాళ్లకు తాళం తీసుకుంటున్నట్టే ఉంటుంది. కాబట్టి మీరు అజాగ్రత్తగా ఉన్నారని బాధపడకండి. మీ దగ్గర ఉన్న తాళం రోజంతా సైకిల్‌ని కాయడానికి పనికొచ్చేది కాదు, అంతే. కేబుల్ రకాన్ని పూర్తిగా కొట్టిపారేయకండి, దానికి వేరే పని ఉంది, తర్వాత చెబుతాను.

వెనక చక్రం మీద బిగించి ఉండే గుండ్రటి రింగు తాళం కూడా ఇలాంటిదే. అది చక్రం తిరగకుండా ఆపుతుంది, సైకిల్‌ని దేనికీ కట్టదు. రెండు నిమిషాలు ఎక్కడైనా ఆగి, సైకిల్ కళ్ల ముందే ఉన్నప్పుడు ఎవడూ ఎక్కి తొక్కుకుపోకుండా బాగా పనికొస్తుంది. ఎత్తుకుపోయేవాడికి అదేమీ అడ్డు కాదు. నంబరు తిప్పే తాళాల్లో చవకవాటి జోలికి పోవద్దు. చాలావాటిలో కడ్డీని లాగి పట్టుకుని అంకెల చక్రాలు ఒక్కొక్కటే తిప్పితే, సరైన అంకె దగ్గర వేలికి తేడా తెలిసిపోతుంది. పనిముట్టు కూడా అక్కర్లేదు.

ఇక గొలుసు. ఇక్కడ మిల్లీమీటర్లు చూడాలి. ఉక్కు రకం అంతకన్నా ముందు చూడాలి. బోల్ట్ కట్టర్ అంటే పొడవాటి పిడులు, పొట్టి దవడలు ఉన్న కత్తెర. పిడులు ఎంత పొడవుంటే దవడల దగ్గర అంత బలం. చేత్తో పట్టుకు తిరిగేవాటిలో బాగా పెద్దవి 42 అంగుళాల దాకా, అంటే మీటరుకు కాస్త పైనే ఉంటాయి. నా చేతి అనుభవంలో 8, 9 మిల్లీమీటర్ల గొలుసులు మధ్యరకం కట్టర్‌కే తెగిపోయాయి. 12, 13 మిల్లీమీటర్ల మంచి ఉక్కుకి పెద్ద కట్టరూ, ఒంట్లో బలమూ రెండూ కావాలి. 14 దాటితే చాలా కష్టం. 16 మిల్లీమీటర్ల గట్టిపరచిన గొలుసును చేతి కట్టర్‌తో తెంచాలని నేను ఇప్పుడు ప్రయత్నించను కూడా. అయితే ఇదంతా గట్టిపరచిన ఉక్కు గురించి. సామాన్ల దుకాణంలో మీటర్ల లెక్కన కొలిచి అమ్మే మామూలు గొలుసు ఎంత లావున్నా మెత్తగానే ఉంటుంది, హాక్సా బ్లేడుకి కూడా తెగుతుంది.

తేడా కనిపెట్టడం ఎలా అంటే, ఒక ఆకురాయితో గొలుసు లింకు మీద గట్టిగా గీసి చూడండి. మెత్తటి ఉక్కయితే ఆకురాయి పట్టుకుని పొడి రాలుతుంది. గట్టిపరచినదైతే గాజు మీద గీసినట్టు జారిపోతుంది, గీత కూడా సరిగా పడదు. మంచి గొలుసుల్లో పైపొరను బాగా గట్టిపరిచి లోపలి భాగాన్ని కాస్త సాగేలా ఉంచుతారు. మొత్తం గట్టిపరిస్తే సుత్తి దెబ్బకు పెళుసుగా విరిగిపోతుంది, మొత్తం మెత్తగా ఉంచితే కోతకు లొంగుతుంది. ఆ రెండింటి మధ్య సరైన పాళ్లు కుదర్చడంలోనే తయారీదారు పనితనం ఉంది. మంచి తాళానికి డబ్బు అందుకే ఎక్కువ. లింకు అడ్డుకోత గుండ్రంగా కాకుండా చతురస్రంగానో ఆరు పలకలుగానో ఉంటే కట్టర్ దవడలకు పట్టు చిక్కడం కష్టం.

గొలుసు ఎంత మంచిదైనా దాన్ని నేల మీద పడేసి వేయకూడదు. చాలామంది చేసే తప్పు ఇదే. గొలుసు నేలను తాకుతుంటే, కట్టర్ ఒక పిడిని నేలకు ఆనించి రెండో పిడి మీద ఒళ్లంతా మోపవచ్చు. చేతుల బలం చాలని చోట ఒంటి బరువు చాలుతుంది. తాళంకప్పను నేలకు ఆనించి సుత్తితో మోదడానికీ వీలు దొరుకుతుంది. అదే గొలుసును మోకాలి కన్నా పైన, ఫ్రేమ్‌కి బిగుతుగా చుట్టి గాలిలో ఉంచితే కోసేవాడు చేతుల బలం మీదే ఆధారపడాలి. చుట్టేటప్పుడు వదులు లేకుండా చూడండి. గొలుసుకు పెట్టే తాళంకప్ప కూడా గొలుసు స్థాయిదే కావాలి. 14 మిల్లీమీటర్ల గొలుసుకు 6 మిల్లీమీటర్ల కొక్కెం ఉన్న కప్ప పెడితే దొంగ గొలుసు వైపు చూడనే చూడడు. కొక్కెం చుట్టూ లోహపు భుజాలు ఉండి, బయటికి వేలెడంత కూడా కనబడని రకం తీసుకోండి.

గొలుసుతో అసలు ఇబ్బంది బరువు. 14 మిల్లీమీటర్ల మంచి గొలుసు మీటరు పొడవుంటే నాలుగైదు కిలోలు తూగుతుంది. రోజూ మోయడం మీ వల్ల కాదు, ఎవరి వల్లా కాదు. అందుకే గొలుసు ఇంట్లోనో ఆఫీసు దగ్గరో ఒకే చోట ఉండాలి. మీతో పాటు తిరగాల్సింది యూ-లాక్, అంటే ఇంగ్లీషు U అక్షరంలా వంచిన ఉక్కు కడ్డీ, దాని రెండు కొనలనూ కలిపే అడ్డపట్టీ ఉన్న తాళం.

యూ-లాక్ నాకు ఎందుకు ఇష్టమంటే, ఒక కిలో, కిలోన్నర బరువులోనే చిన్న పనిముట్లన్నిటినీ పక్కన పెట్టిస్తుంది. 13 నుంచి 16 మిల్లీమీటర్ల గట్టిపరచిన కడ్డీ ఉంటే జేబు కట్టర్లు, మధ్యరకం బోల్ట్ కట్టర్లు పనికిరావు. అప్పుడు దొంగ రెండో దారి వెతుకుతాడు. తాళం లోపల ఇనుప పైపో కారు జాకీయో దూర్చి విరవడం ఆ దారి. అందుకే యూ-లాక్ చిన్నదే కొనండి. దుకాణంలో పెద్దది చూస్తే "ఎక్కడైనా పడుతుంది" అనిపిస్తుంది. కానీ లోపల మిగిలే ఖాళీ అంతా దొంగకిచ్చే చోటే. ఫ్రేము, చక్రం, స్తంభం పట్టాక లోపల చెయ్యి దూరనంత బిగుతుగా ఉంటే జాకీ పెట్టడానికి సందు ఉండదు. ఇంకొకటి, కడ్డీ రెండు కొనలూ అడ్డపట్టీలో తాళం పడే రకం ఎంచుకోండి. ఒక్క కొనే తాళం పడే రకంలో, కడ్డీని ఒక చోట కోసి మెలితిప్పితే ఊడి వచ్చేస్తుంది. రెండు కొనలూ పట్టి ఉంటే సాధారణంగా రెండు చోట్ల కోయాలి. దొంగకు పని రెట్టింపవుతుంది.

ఉక్కు ఎంత లావైనా తాళంచెవి వైపు బలహీనంగా ఉంటే ఏమవుతుందో 2004లో ప్రపంచమంతా చూసింది. అమెరికాలో యూ-లాక్‌లకు పేరు మోసిన కంపెనీ క్రిప్టోనైట్. అప్పట్లో ఆ కంపెనీ తాళాలు కొన్నిటికి గొట్టంలా గుండ్రంగా ఉండే తాళంచెవి ఉండేది. మామూలు ప్లాస్టిక్ బాల్‌పెన్ గొట్టాన్ని ఆ రంధ్రంలోకి నొక్కి తిప్పితే తాళం తెరుచుకుంటోందని ఆ సెప్టెంబరులో ఒక వీడియో బయటికొచ్చింది. కంపెనీ ఆ తాళాలను వెనక్కి తీసుకుని వేరేవి ఇవ్వాల్సి వచ్చింది. ఇప్పటికీ గొట్టం ఆకారపు తాళంచెవి ఉన్న చవక తాళాలు కనబడుతుంటాయి. అవి వద్దు. లోపల గుండ్రటి బిళ్లలు వరుసగా తిరిగే యంత్రాంగం ఉన్నది దొరికితే తీసుకోండి. ఫిన్లాండ్‌లో ఎమిల్ హెన్రిక్సన్ 1907లో కనిపెట్టిన పద్ధతి అది. స్ప్రింగులు ఉండవు కాబట్టి దుమ్ముకీ వానకీ బాగా ఓర్చుకుంటుంది, మామూలు తీగలు పెట్టి కెలికితే తెరుచుకోదు. నిజం చెప్పాలంటే వీధిలో సైకిళ్లు ఎత్తుకెళ్లేవాళ్లలో తీగ పెట్టి ఓపిగ్గా తాళం తీసేవాళ్లు తక్కువ. కోయడమే వాళ్లకు తేలిక. కాబట్టి తాళంచెవి రకానికి మరీ ఎక్కువ డబ్బు పెట్టక్కర్లేదు, మరీ నాసిది కాకుండా చూసుకుంటే చాలు.

మడత తాళాలు, అంటే పట్టీలను రివెట్లతో కలిపి మడిచే రకం, సైకిల్ మీద చక్కగా ఇమిడిపోతాయి. వాటి బలహీనత రివెట్ల దగ్గరే. కాసేపటికి సరే, రోజంతా వదిలి వెళ్లడానికి నేను సిఫారసు చేయను.

డబ్బా మీద కంపెనీ రాసుకునే "10లో 9" లాంటి అంకెలను పట్టించుకోకండి. అది ఆ కంపెనీ తన సరుకులోనే ఒకదానితో ఒకటి పోల్చుకుని వేసుకున్న మార్కు. బయటివాళ్లు పరీక్షించి ఇచ్చిన ముద్ర ఉందేమో చూడండి. బ్రిటన్‌లో 1992లో మొదలైన సోల్డ్ సెక్యూర్ అనే సంస్థ తాళాలను పనిముట్లతో పగలగొట్టించి కాంస్యం, వెండి, బంగారం, వజ్రం అని స్థాయిలు ఇస్తుంది. నెదర్లాండ్స్‌లో ఏఆర్‌టీ అనే సంస్థ నక్షత్రాలు ఇస్తుంది. ఈ ముద్రలు ఎక్కడ కొన్న తాళం మీదైనా కనబడవచ్చు. సైకిల్‌కి బీమా తీసుకునే ఉద్దేశం ఉంటే, కంపెనీ ఏ స్థాయి తాళం వేయమంటుందో ముందే కనుక్కుని ఆ తర్వాత తాళం కొనండి. తాళం కొన్నాక కనుక్కుంటే ఒక్కోసారి రెండోది కొనాల్సి వస్తుంది.

ఇప్పుడు అందరికీ టెన్షన్ పుట్టించే పనిముట్టు, బ్యాటరీతో నడిచే గ్రైండర్, అంటే వేగంగా తిరిగే బిళ్లతో ఇనుమును కోసే యంత్రం. సంచిలో పట్టేస్తుంది. పైన చెప్పిన మంచి యూ-లాక్‌ని కూడా ఒకటి రెండు నిమిషాల్లో కోసేస్తుంది. 16 మిల్లీమీటర్ల గొలుసు ఉన్నా అంతే. దీన్ని దాచి చెప్పడం మీకు మేలు చేయదు. 2021 నుంచి దీనికి ఎదురు నిలిచే తాళాలు వచ్చాయి. హిప్‌లాక్ డీ1000, లైట్‌లాక్ ఎక్స్1 లాంటివి. వాటి మీద ఉండే ప్రత్యేక పదార్థం గ్రైండర్ బిళ్లనే అరగదీస్తుంది. ఉక్కు మీద అయితే బిళ్ల దిగిపోతూ ఉంటుంది, వీటి మీద బిళ్లే చిన్నదైపోతూ ఉంటుంది. ఒకటి అరిగిపోతే ఇంకోటి మార్చుకుంటూ, ఆ చప్పుడులో, ఆ నిప్పురవ్వల్లో చాలాసేపు కూర్చోవాలి. అవి చాలా ఖరీదు, బరువు రెండు కిలోల దగ్గర. ఎలక్ట్రిక్ సైకిలో, మళ్లీ కొనుక్కోలేనంత ఖరీదైన సైకిలో అయితే తప్పకుండా తీసుకోండి. మీరు చెప్పిన మామూలు గేర్ల సైకిల్‌కి నా ఉద్దేశంలో అంత అవసరం లేదు. గ్రైండర్ పట్టుకుని వచ్చేవాడు ఆ స్టాండులో ఉన్న వాటిలో ఖరీదైనదాన్నే ఎంచుకుంటాడు. సైకిల్ ధరలో పదో వంతు నుంచి ఐదో వంతు దాకా తాళాలకు పెట్టడం సబబు అని నా లెక్క.

తాళం ఎలా వేయాలో రాయడానికి ముందు నాకు జరిగింది చెబుతాను. పని నేర్చుకుంటున్న రోజుల్లో, నా చేత్తో ఒక్కొక్క భాగం కూర్చి చేసుకున్న సైకిల్ ఒకటి ఉండేది. మంచి యూ-లాక్ కొన్నాను. ముందు చక్రాన్ని స్తంభానికి కలిపి తాళం వేసి లోపలికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి తాళం చెక్కుచెదరలేదు, స్తంభం అలాగే ఉంది, వాటి మధ్య నా ముందు చక్రం ఉంది. మిగతా సైకిల్ లేదు. ఆ చక్రానికి పనిముట్టు లేకుండా మీట తిప్పి ఊడదీసే క్విక్ రిలీజ్ ఉండేది. 1930లో ఇటలీకి చెందిన టుల్లియో కాంపాన్యోలో పేటెంట్ తీసుకున్న గొప్ప సౌకర్యం అది, పందేల్లో చక్రం మార్చడానికి. అదే సౌకర్యం దొంగకీ ఉంటుందని నాకు ఆ రోజు దాకా తట్టలేదు. ఆ చక్రాన్ని చాలా ఏళ్లు దాచుకున్నాను.

కాబట్టి మొదటి నియమం, తాళం ఫ్రేమ్‌ని పట్టాలి. ఆ తర్వాత వెనక చక్రాన్ని. ముందు చక్రాన్ని ఆఖరున. వెనక చక్రం ఖరీదెక్కువ, గేర్ల సామానంతా దాని మీదే ఉంటుంది. సీటు రాడ్డు దిగే నిలువు గొట్టం, వెనక చక్రం, స్తంభం, ఈ మూడూ ఒకే యూ-లాక్‌లో పడేలా పెట్టగలిగితే అంతకన్నా మంచిది లేదు. చిన్న తాళంతో అది కుదరనప్పుడు ఇంకో పద్ధతి ఉంది. అమెరికన్ మెకానిక్ షెల్డన్ బ్రౌన్ ద్వారా చాలామందికి తెలిసింది. వెనక ఫ్రేమ్ గొట్టాలు కలిసి త్రికోణంలా ఉంటాయి కదా, ఆ త్రికోణం లోపలికి వచ్చే చోట వెనక చక్రం రిమ్మును, స్తంభాన్ని కలిపి తాళం వేయడం. పైకి చూస్తే ఫ్రేమ్‌కి తాళం పడనట్టే ఉంటుంది. కానీ చక్రం ఇరుసు నుంచి ఊడదీసినా రిమ్ము ఆ త్రికోణంలో నుంచి బయటికి రాదు. రిమ్మును కోసేస్తే? స్పోకులు రిమ్మును అన్ని వైపుల నుంచీ లోపలికి లాగి పట్టి ఉంచుతాయి కాబట్టి, రంపం దిగేకొద్దీ రిమ్ము మూసుకుపోయి బ్లేడును నొక్కేస్తుంది. టైరు అంచుల్లో ఉండే ఉక్కు తీగలనూ కోయాలి. అయినా కోశాడే అనుకుందాం, చేతికొచ్చేది పనికిరాని చక్రం ఉన్న సైకిల్. గ్రైండర్‌కి మాత్రం ఇది అడ్డు కాదు. కనుక వీలున్నంత వరకూ నిలువు గొట్టం కూడా తాళంలో పడేలా చూడండి.

ముందు చక్రానికి మీ పాత కేబుల్ లాంటిదే ఒకటి వాడుకోండి. రెండు వైపులా మడత ఉంగరాలు ఉన్న కేబుల్‌ని చక్రంలోంచి తీసి యూ-లాక్‌లోకి తగిలిస్తే సరిపోతుంది. అంతకన్నా మంచి పని, క్విక్ రిలీజ్ మీటలు తీసేసి ప్రత్యేక తాళంచెవితో మాత్రమే తిరిగే సెక్యూరిటీ స్క్యూవర్లు, అంటే ఇరుసులోంచి పోయి చక్రాన్ని ఫ్రేమ్‌కి పట్టి ఉంచే కడ్డీలు, బిగించడం. ఒకసారి బిగిస్తే మర్చిపోవచ్చు, మోసే బరువు ఉండదు. సీటుకి మీట ఉంటే దాని బదులు అలెన్ బోల్టు బిగించి, ఆ బోల్టు తలలోని గుంటలో సరిపోయే చిన్న ఉక్కు బేరింగ్ గుండును జిగురుతో కూర్చోబెట్టండి. అలెన్ కీ దూరదు. మీకు అవసరమైనప్పుడు జిగురు మెత్తబరిచి తీసుకోవచ్చు. లైట్లు, పంపు, సీసా ఎప్పుడూ మీతోనే తీసుకెళ్లండి. ఎలక్ట్రిక్ సైకిల్ అయితే బ్యాటరీ కూడా.

దేనికి కడుతున్నారో అది సైకిల్ కన్నా గట్టిదై ఉండాలి. తాళం వేసే ముందు స్తంభాన్ని రెండు చేతులతో పట్టుకుని ఊపండి, పైకి లాగి చూడండి. బోర్డుల స్తంభాలు కొన్ని నేలలో ఒక సాకెట్‌లో నిలబెట్టి ఉంటాయి, బోల్టు విప్పితే మొత్తం పైకి వచ్చేస్తుంది. పొట్టి స్తంభమైతే సైకిల్‌ని తాళంతో సహా పైనుంచి ఎత్తేస్తారు. స్టాండు కడ్డీ మీద టేపు చుట్టి ఉన్నా, స్టిక్కరు అంటించి ఉన్నా తడిమి చూడండి. ముందే కడ్డీని కోసి, కోత కనబడకుండా టేపు చుట్టి, ఎవరైనా ఖరీదైన సైకిల్ కడతారా అని కాచుకునేవాళ్లున్నారు. చెట్టుకు కట్టకండి, చెట్టుకీ మంచిది కాదు, మీకూ మంచిది కాదు. ముందు చక్రాన్ని మాత్రమే దూర్చే పొట్టి స్టాండులుంటాయి. వాటిలో ఫ్రేమ్‌కి తాళం పడేలా సైకిల్‌ని పక్కకు తిప్పి పెట్టడానికి మొహమాటపడకండి. తాళం వేశాక తాళంచెవి రంధ్రం కిందికి చూసేలా తిప్పండి. వాన నీళ్లు, దుమ్ము దిగవు. సుత్తితో కొట్టడానికీ అంత వాటంగా ఉండదు.

మీ విషయంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఒకటే: రోజూ అదే చోట, అదే వేళ, తొమ్మిది గంటల సేపు. దొంగకు మీ దినచర్య తెలిసిపోతే ఏ పనిముట్టు తేవాలో ముందే తెలుస్తుంది. వీలైతే స్టాండులో చోటు మార్చుతుండండి. గేటు కాపలా మనిషికి కనబడే చోటు, కెమెరా చూపు పడే చోటు ఎంచుకోండి. కెమెరా సైకిల్‌ని ఆపదు గానీ తర్వాత ఫిర్యాదుకి ఆధారం అవుతుంది. కాపలా మనిషితో రోజూ నాలుగు మాటలు మాట్లాడండి. ఆ సైకిల్ ఎవరిదో ఆయనకు తెలిస్తే, వేరే మనిషి దాని దగ్గర వంగి కూర్చున్నప్పుడు అనుమానం వస్తుంది. భుజాన మోసుకెళ్తున్న మనిషిని ఎవరూ ఎందుకు ఆపరంటే, ఆ సైకిల్ ఎవరిదో వాళ్లకు తెలియదు కాబట్టి.

ఒక మోసం గురించి హెచ్చరించాలి. సాయంత్రం వచ్చేసరికి మీ తాళం రంధ్రంలో జిగురో పుల్లో ఉండొచ్చు, లేదా మీ సైకిల్‌కి ఎవరిదో ఇంకో తాళం వేసి ఉండొచ్చు, లేదా టైరులో గాలి ఉండదు. అలాంటప్పుడు "రేపు చూద్దాంలే" అని ఇంటికి వెళ్లిపోవద్దు. మీరు దాన్ని రాత్రికి అక్కడే వదిలేయాలనే ఎవరో ఆ పని చేసి ఉండొచ్చు. మెకానిక్‌ని పిలిచైనా, ఎవరినైనా కాపలా పెట్టైనా ఆ రాత్రి సైకిల్‌ని కదిలించండి.

ఇంట్లో ఉన్నప్పుడు తాళం వేయని వాళ్లు ఎందరో. సందులోంచీ, మెట్ల కిందనుంచీ, వరండాలోంచీ పోయిన సైకిళ్ల గురించి నేను వింటూనే ఉంటాను. అక్కడ దొంగకు రాత్రంతా సమయం ఉంటుంది. గది లోపల పెట్టుకోగలిగితే అదే మేలు. లేదంటే గోడకో నేలకో కాంక్రీటులో దిగేసిన కొక్కేనికి ఆ బరువైన గొలుసుతో కట్టండి. ఇంటి దగ్గర గొలుసు మోయాల్సిన పని లేదు కాబట్టి ఎంత లావుదైనా కొనొచ్చు.

జాడ చెప్పే చిన్న బ్లూటూత్ ట్రాకర్లు సీటు కిందో గొట్టంలోనో దాచుకోవచ్చు. కానీ రెండు సంగతులు తెలుసుకోండి. వాటికి సొంతంగా జీపీఎస్ ఉండదు, దగ్గర్లో వెళ్తున్న ఫోన్ల ద్వారానే జాడ పంపుతాయి. పైగా మనుషులను రహస్యంగా వెంటాడటానికి వాడకుండా, తెలియని ట్రాకర్ తోడు వస్తోందని ఎదుటివాళ్ల ఫోన్‌కి హెచ్చరిక వెళ్లేలా పెట్టారు. అంటే దొంగకీ తెలిసే అవకాశముంది. సిమ్ ఉన్న జీపీఎస్ పరికరానికి ఆ ఇబ్బంది లేదు గానీ చార్జింగు, నెలవారీ ఖర్చు ఉంటాయి. ఏదైనా సరే, జాడ కనబడగానే ఒంటరిగా వెళ్లి తలుపు తట్టకండి. పోలీసులను వెంటబెట్టుకుని వెళ్లండి. సైకిల్ మళ్లీ కొనుక్కోవచ్చు.

తాళానికీ కాస్త సేవ కావాలి. రెండు మూడు నెలలకోసారి రంధ్రంలో పొడి లూబ్రికెంటు, అంటే గ్రాఫైట్ లాంటిది, కొద్దిగా వేసి తాళంచెవి నాలుగుసార్లు తిప్పండి. వంటనూనె, చిక్కటి నూనెలు వేస్తే దుమ్ము అంటుకుని గట్టిపడుతుంది. నా దగ్గరకు కోతకు వచ్చే తాళాల్లో కొన్ని తాళంచెవి పోయి వచ్చినవి కావు, ఇలా బిగుసుకుపోయి వచ్చినవే. తాళంచెవి మీదో, దానితో ఇచ్చే చిన్న రేకు మీదో ఒక నంబరు ఉంటుంది. అది రాసి పెట్టుకుంటే, తాళంచెవి పోయినా చాలా కంపెనీలు ఆ నంబరుతో మరొకటి చేసిస్తాయి.

మొత్తానికి మీ అవసరానికి నేను చెప్పేది ఇది. 14 మిల్లీమీటర్లకు తగ్గని, రెండు కొనలూ పట్టే చిన్న యూ-లాక్ ఒకటి, బయటి సంస్థ ముద్ర ఉన్నది. రెండు చక్రాలకూ సెక్యూరిటీ స్క్యూవర్లు. ఒక లావుపాటి గొలుసు కొని, ఆఫీసువాళ్లు ఒప్పుకుంటే ఆ స్టాండుకే వేసి వదిలేయండి, పగలంతా యూ-లాక్ వెనక చక్రం వైపు, గొలుసు ముందు వైపు. రెండు వేర్వేరు రకాల తాళాలుంటే దొంగ రెండు రకాల పనికి సిద్ధపడి రావాలి. డబ్బు ఒకేసారి కుదరకపోతే ముందు యూ-లాక్, తర్వాత స్క్యూవర్లు, గొలుసు ఆఖరున. ఇంట్లో గది లోపల పెట్టే వీలుందో లేదో మీరు రాయలేదు. లేకపోతే గొలుసును ఆఫీసుకి కాకుండా ఇంటికి వాడండి.

పైసా ఖర్చు లేని పని ఒకటి ఇప్పుడే చేయండి. సైకిల్‌ని తలకిందులుగా నిలబెడితే, రెండు పెడళ్ల కడ్డీలు కలిసే చోట ఫ్రేమ్ అడుగున ఒక నంబరు చెక్కి ఉంటుంది. ఎక్కువ సైకిళ్లకు అక్కడే ఉంటుంది, లేకపోతే సీటు గొట్టం మీదో హ్యాండిల్ కింది గొట్టం మీదో వెతకండి. బురద తుడిచి, అంకెలు స్పష్టంగా కనబడేలా ఫోటో తీయండి. సైకిల్ మొత్తానికి ఒకటి, గీతలు పడ్డ చోట్లు ఏవైనా ఉంటే వాటికి ఒకటి, మీరు పక్కన నిలబడి ఒకటి, రసీదుకి ఒకటి. సీటు రాడ్డు పైకి తీసి, మీ ఫోన్ నంబరు రాసిన చీటీని ప్లాస్టిక్‌లో చుట్టి ఆ గొట్టంలో జారవిడవండి. పాత సైకిల్ నంబరు కూడా ఎక్కడైనా రాసుకున్నారేమో చూడండి, పాత రసీదు మీద ఉండే అవకాశముంది. ఉంటే పోలీసు ఫిర్యాదులో ఆ నంబరు చేర్పించండి, వాడిన సైకిళ్లు అమ్మే చోట్ల ఇంకొన్ని వారాలు కన్నేసి ఉంచండి. నెలల తర్వాత దొరికిన సైకిళ్లను, ఆ నంబరు ఒక్కటి చూపించి యజమానులు వెనక్కి తెచ్చుకోవడం నేను చూశాను.